జంట మాట

ఉప్పుదిబ్బపాలెం ఒడ్డున చేపల వేలంపాట ఒంటరిగా పాడటానికి వీల్లేదు. పడవ ఒడ్డుకు లాగి, చేపల్ని ఇసకలో గుట్టగా పోసి, పెద్దమనిషి పల్లంరాజు "ఎవరమ్మా?" అనగానే ఇద్దరు ఆడవాళ్ల పేర్లు వినబడాలి. దాన్ని జంట కట్టడం అంటారు. ఇద్దరిలో ఒకతె ధర అరుస్తుంది. రెండోది ఐసు కోసమో, ఆటో కోసమో ఎటో పోయి ఉంటుంది. ఉండనీ, ఒకతె నోట్లోంచి ఊడిపడ్డ మాట ఇద్దరిదీ. రెండోది వచ్చాక నెత్తీ నోరూ కొట్టుకోవచ్చు, దాన్ని నానా తిట్లూ తిట్టవచ్చు, కాదనడానికి మాత్రం లేదు. మొగుడొచ్చి ఏం వాగినా ఆ ఒడ్డున చెల్లదు. జంట మాటకు తిరుగు లేదు.

నూకరత్నం, పాపాయి అలాంటి జంట. పంపు వీధిలో ఎదురెదురు ఇళ్లు. పాపాయికి గొంతు పెద్దది, నూకరత్నానికి లెక్క గట్టిది. పొద్దున్నే పాట పాడుకుని, గంపలు ఆటోకెత్తించి, మొగల్తూరు మీదుగా నరసాపురం పోయి, వీధివీధీ తిరిగి అమ్ముకొచ్చేవారు. ఒకే టిఫిన్ గిన్నెలో ఇద్దరి చేతులూ. ఎవరు పెద్ద ముక్క తిన్నారని కొట్లాట. తిరుగు ఆటోలో మాత్రం ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి గుర్రు పెట్టేవారు. అక్కచెల్లెళ్లకి కూడా అంత సఖ్యత ఉండదులెండి.

నూకరత్నానికి ఒక జబ్బుంది. ఒంటి నిండా గోధుమరంగు మచ్చలు. గోకితే చాలు దద్దురై లేస్తాయి. ఎండ ఎక్కువైనా, కందిరీగ కుట్టినా, ఐసు తగలని నిలవ కానాగంత చేప ముక్క నోట్లో పెట్టినా ముఖం మిరపపండులా ఎర్రబడుతుంది. అరచేతులు దురద పుట్టి, కడుపు మెలిపెట్టి, ఊపిరాడక ఉన్నచోటే కూలిపోతుంది. గాలి సోకిందన్నారు. అమ్మవారి కోపమన్నారు. చేపలమ్ముకునే దానికి చేప పడకపోవడమేంటని నవ్వినవాళ్లూ ఉన్నారు. నడుం నొప్పికి ఒకసారి సూది వేయించుకుని చచ్చి బతికింది. అప్పుడు పాపాయే ఆమెను ఒళ్లో పెట్టుకుని భీమవరం దాకా ఏడుస్తూ తీసుకుపోయింది.

చివరికి ఆ జబ్బు పేరు కాకినాడలో సత్యవాణి గారనే డాక్టరమ్మ కనిపెట్టింది. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, విషయం విడమరిచి చెప్పింది.

"మాస్ట్ కణాలని అందరి ఒంట్లోనూ ఉంటాయమ్మా. దొంగొస్తే కేకలేసే కాపలావాళ్లనుకో. నీ ఒంట్లో అవి మరీ ఎక్కువైపోయాయి. పిల్లి కదిలినా ఊరంతా లేపేస్తున్నాయి. పూర్తిగా పోదు గానీ, జాగ్రత్తగా ఉంటే నూరేళ్లూ బతుకుతావు."

జాగ్రత్తలేంటంటే, రోజూ వేసుకునే బిళ్లలు ఒక్కపూట కూడా మానకూడదు. నొప్పుల మందు ఏ రూపంలోనూ ఒంట్లోకి పోకూడదు. జ్వరమొస్తే ఉత్త పారాసిటమాల్. ఊపిరాడక పడిపోతే వెంటనే తొడ బయటివైపు కండలోకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ పొడవాలి, కాళ్లు ఎత్తున పెట్టాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగు.

"స్పృహ తప్పితే నీకు నువ్వు వేసుకోలేవు కదా. నీ పక్కన ఎప్పుడూ ఉండేదెవరు?" అని అడిగింది డాక్టరమ్మ.

మొగుడు సత్తియ్య ముందుకొచ్చాడు. సూది చూడగానే కళ్లు తేలేసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. సముద్రంలో తుఫానుకి బెదరని మనిషి! తోడుగా వచ్చిన పాపాయి పగలబడి నవ్వి, చీర కుచ్చిళ్లు దోపుకుని, "నేనున్నానండి, నాకు నేర్పండి" అంది. ఊరికొచ్చాక పెద్ద పెద్ద వంకాయలు కొని, నీళ్లు నింపిన సూదితో పొడిచి పొడిచి చెయ్యి తిప్పుకుంది. ఆ వంకాయలు కూర వండితే సత్తియ్య ముట్టలేదు. పంపు వీధిలో ఫ్రిజ్ ఉన్నది పాపాయి ఇంట్లోనే కనక మందు సీసాలు, సూదులు అక్కడే పెట్టారు. పనికెళ్లేటప్పుడు ఐసు డబ్బాలో వెంట తీసుకెళ్లేది కూడా పాపాయే. తన ప్రాణం ఇంకొకరి ఫ్రిజ్‌లో ఉందన్న దిగులు నూకరత్నానికి ఏనాడూ కలగలేదు.

కరోనా మొదటిసారి వచ్చినప్పుడు పాలెం వైపు పెద్దగా చూడలేదు. రెండోసారి మాత్రం ఊడ్చుకుంటూ వచ్చింది. నూకరత్నం హడలిపోయి డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"నీ జబ్బున్నంత మాత్రాన కరోనా నిన్నే పట్టుకుంటుందని లేదమ్మా. భయపడి నీ బిళ్లలు మానకు. ఆ భయంతోనే సగం మంది పాడుచేసుకుంటున్నారు. ఎండలో తిరగకు. ఎవరేం ఇచ్చినా పేరు చూడకుండా మింగకు. నీ సంగతి తెలిసిన మనిషిని వదిలి దూరంగా ఉండకు, అంతే" అని ధైర్యం చెప్పింది డాక్టరమ్మ.

"మా పాపాయి ఉందిగా అండి!" అంది నూకరత్నం.

పాలెంలో చావులు మొదలయ్యాయి. కులపెద్దలు రావిచెట్టూ మండపమూ లేని ఆ ఊళ్లో ఐసు గిడ్డంగి ముందు కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. దగ్గు, జ్వరం, ఆయాసం, ఏది కనబడినా మనిషిని తుఫాను షెల్టర్‌కి పంపాలి. అక్కడికి భోజనం మెట్ల దాకానే. ఆర్‌ఎంపీ డాక్టర్ లాజరు తప్ప ఎవరూ మెట్లెక్కకూడదు. రోగాన్ని దాచిన ఇంటిని పాట నుంచి వెలేస్తారు. పైగా పంపు వీధిలో ఎవరింట్లోనో రాత్రిళ్లు దగ్గు వినబడుతోందని పల్లంరాజుకు ఉప్పందింది. ఎవరో తేలకపోతే ఇల్లిల్లూ వెతుకుతామన్నాడు.

వెతకడం మొదలుపెట్టాల్సిన రోజునే నూకరత్నం ఒడ్డున కూలబడింది. వైశాఖమాసపు ఎండ, ముఖానికి రెండు మాస్కులు. పాట ఇంకా మొదలవలేదు. ముఖం ఎర్రబడింది, చేతులు దురద, ఆయాసం. ఇది ఆమెకు తెలిసిన వరసే. పెద్దది కాదు, నీడలో కూర్చుంటే తగ్గేదే. మామూలుగా అయితే ఈపాటికి పాపాయి తడి తువ్వాలు తెచ్చి మెడకు చుట్టి, "అయిందా నీ వేషం? లే, నాటకాలమ్మా!" అని విసుక్కుని ఉండేది. ఆ రోజు పాపాయి దూరంగా పడవ అంచు పట్టుకుని నిలబడిపోయింది.

జనం చెల్లాచెదురయ్యారు. సత్తియ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఇది దీని పాత జబ్బండి! కరోనా కాదండి బాబూ, కాకినాడ డాక్టరమ్మ మందులు వాడుతోందండి!"

"మొగుడివి నువ్వు అలాగే అంటావులేరా" అన్నాడు పల్లంరాజు దూరం నుంచే. "దాని జంట ఉందిగా. పాపాయీ, నువ్వు చెప్పమ్మా. దీనికి ఇలాంటి ఆయాసం ముందెప్పుడైనా ఉందా?"

నూకరత్నం గుండె కుదుటపడింది. ఆ ఆయాసంలోనే నవ్వబోయింది కూడా. హమ్మయ్య, పాపాయిని అడిగారు, గండం గడిచింది అనుకుంది.

పాపాయి మాస్కు కళ్ల దాకా లాక్కుంది. "నాకు తెలీదండి" అంది. ఊరుకుందా? ఊరుకోలేదు. "మొన్నటి నుంచీ దగ్గుతోందండి" అని కూడా అంది.

నూకరత్నం చెవుల్లో సముద్రం హోరు కూడా ఆగిపోయింది. "ఒసేయ్ పాపాయీ! ఏంటే ఆ మాట? నా కళ్లలోకి చూసి చెప్పవే!"

పాపాయి చూడలేదు. పల్లంరాజు నిట్టూర్చాడు. ఆయన రాక్షసుడేం కాదు, ఊరిని కాయాలన్న తాపత్రయం. "ఇక నువ్వు మాట్లాడకమ్మా నూకరత్నం. జంట మాట అయిపోయింది. అది చెప్పిందంటే నువ్వు ఒప్పుకున్నట్టే. లే, షెల్టర్‌కి పద."

అలా పంపేశారు. పంపు వీధిలో దగ్గేదెవరో తేలిపోయిందనుకుని, ఇళ్లు వెతకడం కూడా మానేశారు.

షెల్టర్ అంటే స్తంభాల మీద పెద్ద హాలు. తుఫానుకి ఊరంతా పట్టేది. ఇప్పుడు చాపల మీద జ్వరాలు, దగ్గులు, మూలుగులు. నూకరత్నం కిటికీ పక్క చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సత్తియ్య పూటపూటా అన్నం, బిళ్లలు మెట్ల మీద పెట్టి, కింద సరుగుడు చెట్ల దగ్గరే కూర్చునేవాడు. ఆమె బిళ్లలు మానలేదు. తిండి మాత్రం సయించలేదు. తెలీదా? వంకాయలకు సూదులు పొడిచిన చేతికి తెలీదా? భీమవరం దాకా ఒళ్లో మోసుకుపోయిన దానికి తెలీదా? తిట్టుకుంది, ఏడ్చింది. అంతలోనే పాపం భయపడి ఉంటుందిలే అని తనే సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకున్నందుకు మళ్లీ తన మీద తనకే ఒళ్లు మండింది.

"ఇంజెక్షనన్నా తెచ్చివ్వయ్యా దాని దగ్గర్నుంచి" అని కిటికీలోంచి మొగుణ్ణి వేడుకుంది.

సత్తియ్య వెళ్లొచ్చాడు. "తలుపు తియ్యలేదే. షెల్టర్‌లో ఫ్రిజ్ లేదు కదా, ఎండకి పాడైపోద్ది, అవసరమైతే అడుగు అంది లోపల్నించే."

మాట సబబుగానే ఉంది. 

కరోనా రోగుల మధ్య పడేస్తే కరోనా రాకుండా ఉంటుందా? నూకరత్నానికి జ్వరం పట్టుకుంది, ఒళ్లంతా నొప్పులు. లాజరు అందరికీ సూదులు పొడుస్తూ ఆమె దగ్గరికీ వచ్చాడు. ఆమె రెండు చేతులూ చీరలో దాచేసుకుంది.

"నొప్పుల సూది వద్దండి! నాకది విషమండి! మీ కాళ్లు పట్టుకుంటాను."

"సర్లే తల్లీ, గోల చెయ్యకు. ఈ జ్వరం బిళ్ల వేసుకో."

"ఉత్త పారాసిటమాలేనాండి?"

"ఆయ్, అదేనమ్మా" అన్నాడు లాజరు. అట్ట కత్తిరించి ఇచ్చిన ఒంటి బిళ్ల, దాని మీద సగం పేరు కూడా లేదు. లాజరు అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అందులో పారాసిటమాల్ ఉంది, దాంతోపాటు నొప్పుల మందూ కలిసి ఉంది. ఊరందరికీ పనిచేసే బిళ్ల. డాక్టరమ్మ మాట గుర్తుండి కూడా ఒళ్లు కాలిపోతుంటే ఇక తట్టుకోలేక నూకరత్నం మింగేసింది.

లాజరు మెట్లు దిగి కాస్త దూరం వెళ్లాడో లేదో అరికాళ్లలో దురద మొదలైంది. తర్వాత అరచేతులు, నెత్తి. ఒళ్లంతా దద్దుర్లు పొంగాయి. కడుపులో ఎవరో చెయ్యి పెట్టి పిండినట్టయింది. లేవబోయి చాప మీద బోర్లా పడింది. పక్క చాప మీది ముసలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, "ఒరే సత్తియ్యా, నీ పెళ్లాం పోతోందిరోయ్!" అని కేకపెట్టింది.

సత్తియ్య పాపాయి ఇంటికి పరుగు తీశాడు. తలుపు దబదబా బాదాడు. తలుపు తెరుచుకోలేదు. కిటికీ రెక్క ఓరగా తీసి, పాపాయి మందు సీసా, సూది బయటికి అందించింది.

"నువ్వు రావే! నాకు చేతకాదని తెలుసు కదే, చచ్చిపోతోందే!"

"నేను రాలేను బావా. సగం సీసా ఎక్కించు, తొడ పక్కన, చీర మీంచే పొడిచెయ్. పో బావా, పో!" అంటూ రెక్క మూసేసింది.

మందు అందుకునేటప్పుడు ఆమె వేళ్లు సత్తియ్య చేతికి తగిలాయి. పొయ్యి మీది పెనంలా కాలిపోతున్నాయి. లోపల్నుంచి మగ దగ్గు, తెరలు తెరలుగా వినబడింది. అప్పుడు ఆలోచించే తీరిక లేదు, మళ్లీ పరుగు. మెట్ల దగ్గర కాపలా ఉన్నవాణ్ణి ఒక్క తోపు తోసి పైకెక్కాడు. సూది ఒకసారి చేతిలోంచి జారిపోయింది. ఈసారి మాత్రం కళ్లు తేలెయ్యలేదు. భార్య నీలపడ్డ పెదాల వైపు చూస్తూ పొడిచాడు. ఆమె కాళ్లు మూలనున్న గంప మీదికెత్తి పెట్టి, అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అప్పుడు గోడవారన కూర్చుని భళ్లున వాంతి చేసుకున్నాడు.

భీమవరం ఆసుపత్రిలో నూకరత్నం బతికి బయటపడింది. సత్యవాణి డాక్టరమ్మ అక్కడి డాక్టర్లకు ఫోన్ చేసి, ఏ మందులివ్వచ్చో, ఏవి కూడదో దగ్గరుండి చెప్పినట్టు చెప్పింది. ఆక్సిజన్ గొట్టం తీసేశాక, కాస్త మాట్లాడే ఓపిక వచ్చాక, సత్తియ్య నీళ్లు నమిలి నమిలి కిటికీ దగ్గరి సంగతి బయటపెట్టాడు.

"దాని చెయ్యి కాలిపోతోందే. దాని మొగుడు అంతకు ముందు నుంచే మంచంలో ఉన్నాడంట. పంపు వీధిలో దగ్గింది వాడేనంట. ఇళ్లు వెతుకుతామన్నారు కదా, మరి..."

ఇక చెప్పక్కర్లేకపోయింది. నూకరత్నం లెక్క గట్టిదని ముందే అనుకున్నాం కదా. పెద్దలకు ఒక రోగి కావాలి. పాపాయికి తన మొగుణ్ణి దాచుకోవాలి. ఎదురుగా ఎర్రటి ముఖంతో ఆయాసపడుతూ జంట మనిషి దొరికింది. తెలీక కాదు, భయపడి నోరు తడబడీ కాదు. బాగా తెలిసే, నొప్పుల మందు పడితే చస్తుందని తెలిసే, రోజూ సూదులు పొడిచేచోటికి పంపింది! నూకరత్నం దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. జబ్బుకి అంత ఏడవలేదు.

ఇంటికొచ్చాక ఇంకో వింత. పాపాయి, ఆమె మొగుడు తలుపులేసుకునే కోలుకున్నారు. కోలుకుని పాపాయి వీధంతా చాటింపు వేసుకుంది: "నా ఫ్రిజ్‌లో మందే కదమ్మా దాన్ని బతికించింది! జ్వరంతో ఉండి కూడా లేచి ఇచ్చాను." వచ్చిన ప్రతి ఆడదీ నూకరత్నం గడపలో కూర్చుని, "నీ జంట లేకపోతే నీ పనైపోయేదే. అదృష్టవంతురాలివి" అని బుగ్గలు నొక్కుకుంది. కడుపు మండిపోదూ మరి! నూకరత్నం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎదురింటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా తన తలుపు మూసుకుంది.

వానలు పడ్డాయి, రోగం నెమ్మదించింది, కట్టుబాటునూ దాచిన ఇళ్లనూ ఎవరూ తలుచుకోలేదు, ఒడ్డున పాట మళ్లీ మొదలైంది. మొదటి పడవ నిండా కవళ్ల చేపలు, వెండిలా మెరుస్తున్నాయి. నూకరత్నం గంప పట్టుకుని జనం చివర నిలబడింది. పల్లంరాజు "ఎవరమ్మా?" అన్నాడో లేదో, ఏమీ జరగనట్టే, ఆ పాత పెద్ద గొంతు లేచింది.

"మేమండి! పాపాయి, నూకరత్నం!" అంటూ ధర కూడా అరిచేసింది. మంచి ధర. పైమాట పాడేవాళ్లు లేరు.

"సరే, జంట మాట అయిపోయింది" అన్నాడు పల్లంరాజు.

"ఆ మాట నాది కాదండి" అంది నూకరత్నం.

ఒడ్డంతా నోళ్లు తెరిచి చూసింది. పల్లంరాజు ముందుకొచ్చాడు.

"ఏంటమ్మా అది? తెలిసే అంటున్నావా? ఇలాగన్న దానితో రేపటి నుంచి ఎవరు జంట కడతారు? నీకీ ఒడ్డున పాటే ఉండదు."

"వద్దండి. మొగల్తూరు సంతలో మారుబేరం కొనుక్కుని అమ్ముకుంటాను. షెల్టర్‌కి పంపిన రోజు కూడా అది నా మాట కాదండి. అప్పుడు అనడానికి ఊపిరి లేకపోయింది."

పాపాయి ముఖం పాలిపోయింది. గుట్ట చుట్టూ తిరిగి వచ్చి నూకరత్నం చెయ్యి పట్టుకుంది. ఆమె విదిలించుకుంది.

"నలుగురిలో అంత మాటంటావేంటే?" అని పాపాయి ఏడుపు లంకించుకుంది. "మందివ్వలేదా నేను? వాడికి ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయని నీకు తెలీదా? ఆ షెల్టర్‌లో పడేస్తే తెల్లారేసరికి పోయేవాడే! మొగుణ్ణి చంపుకోమంటావా? నా చోట నువ్వుంటే ఏం చేసేదానివే?"

నూకరత్నం గంప ఇసకలో దించింది. 

"వాడి సంగతి నాకు తెలుసే" అంది. "నా చెవిలో ఒక్క మాట వేసి, ఆ మందు నా కొంగున కట్టి పంపాల్సింది. దగ్గింది నేనేనని చెప్పి, నా అంతట నేనే ఆ మెట్లెక్కేదాన్ని. అడిగుంటే వెళ్లేదాన్ని కదే పాపాయీ."